పచ్చిగా వినిపించే పాట వెనుక దూరాల లెక్క

కొన్ని రికార్డుల్లో పాటకంటే ముందు మనిషి వినిపిస్తాడు. తీగ మీద వేలు జారిన కీచు, చరణం అందుకునే ముందు పీల్చిన గాలి, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆఖరి మీటు తర్వాత గదిలో నెమ్మదిగా ఇంకిపోయే మోత. అలాంటి రికార్డును శ్రోతలు ‘పచ్చిగా ఉంది’ అంటారు. మెరుగు పెట్టలేదని, దేన్నీ దాచలేదని వారి ఉద్దేశం. ఆ మెప్పు విని చాలామంది కొత్త కళాకారులు ఒక పొరపాటు నిర్ణయానికి వస్తారు. ఏమీ చేయకుండా వదిలేస్తే పచ్చిదనం దానంతట అదే వస్తుందనుకుంటారు. మైకు ఎక్కడో ఒకచోట నిలబెట్టి, పాడేసి, వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచేస్తారు. తీరా వింటే గాయకుడు బావిలోంచి పాడుతున్నట్టు, గిటారును అట్టపెట్టెలో పెట్టి వాయించినట్టు ఉంటుంది.

పచ్చిగా ఉండటానికీ నాసిగా ఉండటానికీ తేడా ఇక్కడే ఉంది. పచ్చిగా ఉన్న రికార్డు వింటే మనకూ పాడే మనిషికీ మధ్య అడ్డేమీ లేదనిపిస్తుంది. నాసి రికార్డు ఆ మధ్యలో ఇంకొక గోడ కడుతుంది. ఏమీ అడ్డు లేనట్టు వినిపించడానికి చాలా పని జరగాలి. ఆ పనిలో ఎక్కువ భాగం రికార్డు బటన్ నొక్కకముందే జరగాలి. అందుకే అది బయటికి కనిపించదు.

పరికరాలతో దీనికి ఎంత తక్కువ సంబంధం ఉందో తెలియడానికి రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 1971 అక్టోబరులో ఇంగ్లీషు గాయకుడు నిక్ డ్రేక్ లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రులు కూర్చుని ‘పింక్ మూన్’ రికార్డు చేశాడు. అప్పుడు అక్కడ ఉన్నది ఆయనా, ఇంజనీరు జాన్ వుడ్ మాత్రమే. గొంతు, గిటారు, ఒకే ఒక పాటలో తర్వాత చేర్చిన కాస్త పియానో. మొత్తం నిడివి అరగంట కూడా లేదు. 1982 జనవరిలో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో, పడకగదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద రెండు మామూలు డైనమిక్ మైకులతో కొన్ని పాటలను నమూనాగా పాడి పెట్టుకున్నాడు. తర్వాత బృందంతో స్టూడియోలో వాటిని మళ్లీ ప్రయత్నించాడు గానీ, క్యాసెట్‌లో ఉన్న జీవం అక్కడ దొరకలేదు. చివరికి ఆ క్యాసెట్ రికార్డింగే అదే ఏడాది ‘నెబ్రాస్కా’గా విడుదలైంది. మొదటిది మంచి స్టూడియోలో, నిపుణుడి చేతుల్లో పుట్టిన స్వచ్ఛమైన శబ్దం. రెండోదాని నిండా టేపు బుస, పైగా టేపు యంత్రంతో ధారాళంగా కలిపిన ప్రతిధ్వని. అయినా పచ్చిదనం గురించి మాట్లాడేవారు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో తలుస్తారు.

ఈ రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక చోటు, ఒక సమయం. ఒక మనిషి ఒక గదిలో కూర్చుని, గొంతూ గిటారూ ఒకే ఊపిరిలో సాగుతుండగా పాట జరిగిందని చెవి నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టే ప్రతి పనీ పచ్చిదనానికి తోడ్పడుతుంది, చెదరగొట్టే ప్రతి పనీ దాన్ని తగ్గిస్తుంది. నా అనుభవంలో మైకు ఎంపిక నుంచి, విడుదలకు ముందు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్ దాకా ఏ ప్రశ్న ఎదురైనా ఈ ఒక్క కొలతతో తేలిపోతుంది. ఆ నమ్మకాన్ని కట్టే ముడిసరుకు దూరం. నోటికీ మైకుకీ, గిటారుకీ మైకుకీ, మైకుకీ గోడకీ మధ్య ఉన్న దూరం.

ఈ సంగతి తొలితరం రికార్డింగు చేసినవారికి బాగా తెలుసు. 1925 ప్రాంతంలో మైకులు, విద్యుత్ పరికరాలు వచ్చేదాకా కళాకారులు ఒక పెద్ద గరాటు లాంటి కొమ్ము ముందు నిలబడి పాడేవారు. గొంతు పెద్దగా రావాలంటే గాయకుడు ముందుకు జరిగేవాడు. గట్టిగా మోగే వాయిద్యాన్ని గది వెనక్కి పంపేవారు. అప్పట్లో శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్లు లేవు, అడుగులు లెక్కపెట్టుకుని నిలబడటమే మిక్సింగ్, అంటే శబ్దాల తూకం. మైకు వచ్చాక కూడా చాలాకాలం జానపద బృందాలు ఒకే మైకు చుట్టూ చేరి, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ముందుకు వంగి వాయించారు. ఇప్పుడు పచ్చిగా వినిపించే రికార్డు చేయాలనుకునేవారు కంప్యూటర్ చేతికి అప్పగించిన ఆ బాధ్యతలో కొంత తిరిగి దూరానికి ఇవ్వాలి.

దూరం ఎలా పనిచేస్తుంది

మైకును నోటికి 20 సెంటీమీటర్ల దూరం నుంచి 40 సెంటీమీటర్లకు జరిపామనుకుందాం. నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు (డెసిబెల్ శబ్ద స్థాయికి కొలత) తగ్గుతుంది. గోడలకూ, నేలకూ, పైకప్పుకూ తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే తగ్గింది గొంతు, పెరిగింది గది పాలు. చెవి దగ్గరితనాన్ని కొలిచేది ఈ పాళ్లతోనే, గట్టిదనంతో కాదు. ఫోనులో చిన్నగా వినిపిస్తున్నా గుసగుస గుసగుసలాగే తెలుస్తుంది, కేక కేకలాగే తెలుస్తుంది. రికార్డయిన పాటకు గదిని తర్వాత కలపవచ్చు. ఉన్న గదిని తీసేయడం మాత్రం దాదాపు అసాధ్యం. దీనికోసం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కాస్త పనిచేస్తాయి కూడా. కానీ అవి ముట్టుకున్న గొంతులో ఏదో తడి ఆరిపోయినట్టు ఉంటుంది.

దగ్గరితనంలో ఇంకో సంగతి దాగి ఉంది. ఒక దిక్కు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకులు దగ్గరికి వచ్చే కొద్దీ మంద్ర ధ్వనులను పెంచి చూపిస్తాయి. నెమ్మదిగా పాడే గొంతుకు ఇది వెచ్చదనం ఇస్తుంది. కానీ గాయకుడు ముందుకు వెనక్కి ఊగితే గొంతు రంగు మాటమాటకూ మారుతుంది. అన్ని దిక్కులనూ సమానంగా వినే మైకుకు ఈ లక్షణం లేదు. దాన్ని దగ్గరగా పెట్టినా గొంతు బరువెక్కదు, కాస్త కదిలినా రంగు మారదు. గది మాత్రం ఎక్కువగా వస్తుంది. మంచి గది ఉన్నవారు ఈ రకం మైకును మరిచిపోకూడదని నా గట్టి అభిప్రాయం. చాలామంది దాన్ని ప్రయత్నించరు కూడా.

గది గురించి

గదిని కూడా ఒక వాయిద్యంగా లెక్కపెట్టుకోవాలి. అది శ్రుతి తప్పి ఉంటే మిగతావన్నీ వృథా. చిన్న గదుల అసలు జబ్బు మంద్రంలో ఉంటుంది. ఎదురెదురు గోడల మధ్య 3.4 మీటర్లు ఉంటే, శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు నడుస్తుంది కాబట్టి, సుమారు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర, మూడింతలు 150 దగ్గర గది తనంతట తాను మోగుతుంది. అకూస్టిక్ గిటారు పెట్టెలోని గాలి కూడా సుమారు 100 హెర్ట్జ్ దగ్గరే గుమ్మంటుంది. గది, గిటారు ఒకే చోట గుమ్మన్నప్పుడు కొన్ని స్వరాలు మిగతావాటిని మింగేస్తాయి. వాయించేవాడి తప్పేమీ లేకుండానే వాయింపు ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది.

ఈ జబ్బుకు చాలామంది చేసే వైద్యం గోడల నిండా పలుచటి ఫోమ్ అంటించడం. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. ఐదు సెంటీమీటర్ల ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అది తినేసేది పై ధ్వనులను మాత్రమే. అంటే మెరుపు పోయి గుమ్మనే మోత మిగులుతుంది. మొదట్లో చెప్పిన అట్టపెట్టె శబ్దం చాలాసార్లు ఇలాగే తయారవుతుంది, అదీ డబ్బు ఖర్చు పెట్టి మరీ. దీనికన్నా మందపాటి పరుపును మూలలో నిలబెట్టడం, బరువైన బొంతలను గోడకు తగలకుండా కాస్త ఎడంగా వేలాడదీయడం మేలు. పుస్తకాలు నిండిన అలమర ఉన్న గది దొరికితే ఇంకా మంచిది. పుస్తకాల ఎగుడుదిగుడు అంచులు శబ్దాన్ని చంపకుండా చెదరగొడతాయి, గది బతికే ఉంటుంది.

అన్నిటికంటే చౌకైన మందు కుర్చీ జరపడం. పాట పాడుతూ గదంతా నెమ్మదిగా నడవండి. మూలల్లో గొంతు ఉబ్బుతుంది, సరిగ్గా నడిమధ్యన కొన్ని స్వరాలు పలచబడతాయి, ఎక్కడో ఒకచోట గొంతు ఒళ్లో కూర్చున్నట్టు సుఖంగా ఉంటుంది. ఒకసారి ఒక సాయంత్రమంతా మైకులు మార్చీ మార్చీ విసిగిపోయాక, గాయకుడు తన కుర్చీని బారెడు దూరం పక్కకు లాక్కున్నాడు. అంతే, గిటారు విచ్చుకుంది. ఆ రోజు నుంచి నేను మైకు స్టాండు తెరవకముందు కుర్చీ చోటు వెతుకుతున్నాను.

చప్పుడు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఫ్యాను, ఫ్రిజ్, కంప్యూటర్ లోపలి చిన్న ఫ్యాను, వైర్ల గుండా వచ్చే కరెంటు గుంయ్‌మనే రొద, వీటన్నిటినీ ముందే ఆపాలి. నెమ్మది పాటలో గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెద్దది చేసే మోతాదు, బాగా పెంచాల్సి వస్తుంది, అప్పుడు ఇవన్నీ పాటతోపాటు పైకి వస్తాయి. ఊపిరి చప్పుడు మనిషిది, దాన్ని ఉంచుదాం. ఫ్రిజ్ చప్పుడు యంత్రానిది, దానికి పాటలో పాత్ర లేదు.

గిటారు ముందు మైకు

గిటారు విషయంలో అందరూ మొదట చేసే తప్పు గుండ్రటి రంధ్రానికి ఎదురుగా మైకు పెట్టడం. శబ్దం అక్కడి నుంచే వస్తుందనుకోవడం సహజమే. నిజానికి అక్కడి నుంచి ఎక్కువగా వచ్చేది పెట్టెలోని గాలి గుమగుమ. తీగల మెరుపు, చెక్క పలుకు పై పలక మొత్తం నుంచీ, బ్రిడ్జి (తీగలు పెట్టెకు ఆనే చోటు) చుట్టూ నుంచీ, మెడ మీది తీగల నుంచీ వస్తాయి. మెడ పెట్టెను కలిసే చోటు, చాలా గిటార్లకు పన్నెండు నుంచి పద్నాలుగో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) ప్రాంతం, అక్కడికి ఎదురుగా 25 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో మైకు పెట్టి, దాని మొహం కొద్దిగా పెట్టె వైపు తిప్పితే మొదలుపెట్టడానికి తగిన చోటు దొరుకుతుంది. అక్కడే ఆగిపోకూడదు. ఐదు సెంటీమీటర్ల కదలిక, మంద్ర ధ్వనులనూ పై ధ్వనులనూ విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ చేయలేని మార్పు తెస్తుంది. వేరొకరు వాయిస్తుండగా ఒక చెవి మూసుకుని, రెండో చెవిని మైకు స్థానంలో ఉంచి నెమ్మదిగా కదలండి. ఒంటి చెవికి నచ్చిన చోటు సాధారణంగా మైకుకూ నచ్చుతుంది.

తీగల వయసు కూడా ఒక నిర్ణయమే. కొత్త తీగలు మిలమిలలాడతాయి, వేళ్లు జారినప్పుడు కీచుమంటాయి. బాగా వాడిన తీగలు మొద్దుగా, మాటకు దారిచ్చేలా పలుకుతాయి. కథ చెప్పే పాటకు నేను కొన్ని వారాలు వాయించిన తీగలనే కోరుకుంటాను. అయితే మరీ పాతబడితే శ్రుతి నిలవదు. శ్రుతి తప్పిన గిటారును పచ్చిదనం పేరుతో సమర్థించుకోలేం. ప్రతి టేకుకూ, అంటే పాటను రికార్డు చేసే ప్రతి ప్రయత్నానికీ, ముందు శ్రుతి చూసుకోవాల్సిందే.

గొంతూ గిటారూ కలిసినప్పుడు

అసలు చిక్కు ఇక్కడుంది. స్థిరపడిన స్టూడియో పద్ధతి ప్రకారం గిటారు మొదట, గొంతు తర్వాత విడివిడిగా రికార్డు చేస్తారు. అప్పుడు దేన్నయినా విడిగా దిద్దుకోవచ్చు. కానీ ఒంటరిగా వాయించే గిటారు పాటను వినదు. పాడుతూ వాయించే చేయి ఒక మాట మీద గొంతు ఆగితే తానూ ఆగుతుంది, గొంతు తేలిపోయినప్పుడు మీటు తేలిక చేస్తుంది, చరణం చివర ఊపిరి కోసం తాళాన్ని రవంత సాగదీస్తుంది. ఇవి పాడేవాడికే తెలియకుండా జరిగే చిన్న చిన్న సర్దుబాట్లు. తాళం కోసం చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ ట్రాక్ పెట్టుకుని గిటారు వాయించి, మర్నాడు దానిమీద పాడితే ఈ సర్దుబాట్లన్నీ మాయమవుతాయి. ఒకే మనిషి శరీరం నుంచి రెండు శబ్దాలూ వస్తున్నాయన్న నమ్మకం చెవికి పోతుంది. తర్వాత ఏ యంత్రంతోనూ దాన్ని తిరిగి తేలేం.

కలిపి రికార్డు చేస్తే వచ్చే కష్టం లీకేజీ. గొంతు మైకులోకి గిటారు, గిటారు మైకులోకి గొంతు దూరతాయి. గొంతు తన మైకుకు ముందు చేరి, కాసేపటికి గిటారు మైకుకు చేరుతుంది. రెండు మైకుల మధ్య గొంతు ప్రయాణంలో 34 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒక మిల్లీసెకను ఆలస్యం. ఆ రెండింటినీ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పైకి లేస్తుంటే ఇంకొకటి కిందికి దిగుతుంటుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1500 దగ్గరా, 2500 దగ్గరా మళ్లీ అదే జరుగుతుంది. గ్రాఫు గీస్తే దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. చెవికి మాత్రం గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టు, బోలుగా వినిపిస్తుంది. చాలామంది దీన్ని మైకు నాణ్యతగా పొరబడి ఖరీదైన మైకు కొంటారు. ఆ మైకు కూడా అక్కడే పెడితే అదే బోలు గొంతు వస్తుంది.

ఈ లీకేజీ ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టే నష్టం ఉంటుంది. రెండో మైకు గొంతుకు మొదటి మైకుకంటే మూడింతలు దూరంలో ఉంటే, అందులోకి దూరే గొంతు సుమారు 9.5 డెసిబెళ్లు తక్కువగా ఉంటుంది. అప్పుడు ఆ గుంటల లోతు సుమారు మూడున్నర డెసిబెళ్లకు పరిమితమవుతుంది, భరించగలం. మూడింతల నియమమని ఇంజనీర్లు చెప్పుకునేది దీన్నే. కూర్చుని గిటారు వాయించే మనిషి నోటికీ గిటారుకూ మధ్య ఉన్నది చాలా కొద్ది దూరం కాబట్టి ఈ నియమం పాటించాలంటే గొంతు మైకు నోటికీ, గిటారు మైకు గిటారుకూ బాగా దగ్గరగా రావాలి.

ఇంకొక దారి ఎనిమిది అంకె ఆకారంలో వినే మైకులు. ఇవి ముందువైపూ వెనుకవైపూ సమానంగా వింటాయి, పక్కలకు దాదాపు చెవిటివి. సన్నటి లోహపు పట్టీతో పనిచేసే పాత రిబ్బన్ మైకులు ఎక్కువగా ఈ తీరువే. గొంతు మైకును దాని పక్క గిటారు వైపు పడేలా, గిటారు మైకును దాని పక్క నోటి వైపు పడేలా వంచితే విభజన ఆశ్చర్యపరుస్తుంది. సర్దడానికి ఓపిక కావాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుడు మాటలు మాత్రమే చెబుతుండగా, గిటారు మైకులో ఆ మాటలు అన్నిటికంటే చిన్నగా వినిపించే వంపు దొరికేదాకా అంగుళం అంగుళంగా తిప్పాలి. వెనుకవైపు కూడా ఇది వింటుందని మరచిపోకూడదు. ఆ వెనుక ఒట్టి గోడ ఉంటే ఒక బొంత వేలాడదీయాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో దారి, ఒకే మైకు. ఛాతీ ఎత్తులో, అర మీటరు నుంచి ముప్పావు మీటరు దూరంలో సన్నటి శబ్దాలనూ పట్టే ఒక మంచి కండెన్సర్ మైకు. గొంతు ఎక్కువైతే మైకును కిందికి దించాలి, గిటారు ఎక్కువైతే పైకి లేపాలి. దువ్వెన పళ్ల సమస్యే లేదు, ఎందుకంటే కలపడానికి రెండో ట్రాకు లేదు. దీనికి మంచి గది కావాలి, గొంతునూ మీటునూ తూకంలో పట్టుకోగల మనిషి కావాలి. తర్వాత దిద్దుకునే అవకాశం ఉండదని భయపడేవారుంటారు. ఆ భయం వాయించేవాడి దృష్టిని పదును పెడుతుందని నేను నమ్ముతాను. బృందం ఉంటే ఈ దారి ఇంకా బాగుంటుంది. ఫిడేలు ఒక అడుగు వెనక్కి, బాంజో రెండు అడుగులు వెనక్కి, రెండో గొంతు భుజం పక్కన. పాత కొమ్ము కాలంలో అడుగులు లెక్కపెట్టిన పనే మళ్లీ.

టేకుల విషయానికొస్తే, మూడో టేకు నుంచి ఐదో టేకు మధ్యలో మంచిది దొరకడం నేను తరచుగా చూశాను. ఆ తర్వాత తప్పులు తగ్గుతాయి, మాటల్లో అర్థం కూడా తగ్గుతుంది. స్థాయిలు పెట్టేటప్పుడు ఎర్ర గీత దాకా వెళ్లాల్సిన పనిలేదు. 24 బిట్ల రికార్డింగుకు సిద్ధాంతపరంగా అతి చిన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 144 డెసిబెళ్ల విస్తృతి ఉంది. అత్యంత గట్టి మీటు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర, అంటే గరిష్ఠ స్థాయికి 12 డెసిబెళ్లు కింద, ఆగేలా పెట్టుకుంటే, ఉద్వేగంలో గొంతు లేచినా పగలదు. వీలైతే గాయకుడికి హెడ్‌ఫోన్లు తీసేయండి. చెవుల్లో తన గొంతు పెద్దగా వినిపిస్తుంటే ఎవరైనా గదిలో ఉన్న మనిషికి పాడినట్టు పాడరు.

మిక్సింగ్‌లో ఎంత తక్కువ చేయాలి

ఇప్పటిదాకా చెప్పింది సరిగ్గా జరిగితే మిక్సింగ్‌కు మిగిలేది కొంచెమే. లీకేజీ ఉన్న ట్రాకులతో పనిచేసేటప్పుడు ఒక్క సూత్రం మనసులో ఉండాలి. ఒకదాన్ని ముట్టుకుంటే రెండోదీ మారుతుంది. గొంతు ట్రాకులో పై ధ్వనులు పెంచితే అందులోకి దూరిన గిటారు కూడా గరుకుగా మారుతుంది. గొంతును కంప్రెసర్‌తో, అంటే గట్టి శబ్దాలను తగ్గించే యంత్రంతో, గట్టిగా నొక్కితే, మాటల మధ్య ఖాళీల్లో లీకైన గిటారు పైకి ఉబికి వచ్చి, మాట రాగానే మళ్లీ మునుగుతుంది. గిటారు ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ గొంతును జరిపితే, గొంతు మైకులోని గిటారు కూడా జరిగి, పక్క ట్రాకులోని అసలు గిటారుతో పోట్లాడుతుంది. దీన్ని అడ్డంకి అనుకునేవారు అనుకోవచ్చు. నాకైతే ఈ లీకేజీయే పాటకు కాపలా కాస్తోందనిపిస్తుంది. ఒకే చోటు, ఒకే సమయం అన్న కట్టును తెంచనివ్వదు.

మొదట ఫేడర్లతో మాత్రమే తూకం వెతకాలి. ఒక పాత చిన్న స్పీకరులో, మోనోలో, తక్కువ శబ్దంతో వింటూ ప్రతి మాటా అర్థమవుతోందా అని చూడాలి. మునిగిపోయిన మాట ఉంటే కంప్రెసర్ వైపు చేయి చాచకుండా ఆ ఒక్క మాట దగ్గర ఫేడరును ఒకటి రెండు డెసిబెళ్లు ఎత్తాలి. పాటంతా ఇలా చేత్తో ఎత్తి దించడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా కాదు. యంత్రం గట్టిదనాన్ని చూసి స్పందిస్తుంది, చేయి అర్థాన్ని చూసి స్పందిస్తుంది. కంప్రెసర్ ఆ తర్వాత రావచ్చు. హద్దు దాటిన ప్రతి రెండు డెసిబెళ్లకు ఒకటి చొప్పున, మొత్తం రెండు మూడు డెసిబెళ్లకు మించకుండా నొక్కాలి. మీటు మొదటి దెబ్బ తప్పించుకునేలా 30 మిల్లీసెకన్ల ఆలస్యంతో అది మేలుకుంటే చాలు. దాన్ని విడి ట్రాకుల మీద కన్నా మొత్తం మిశ్రమం మీద పెడితే గొంతూ గిటారూ కలిసి కదులుతాయి.

ఈక్వలైజర్ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 60 నుంచి 80 హెర్ట్జ్ కింద గొంతులో పనికొచ్చేది ఏమీ ఉండదు, కోసేయవచ్చు. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కాబట్టి అక్కడ చేయి జాగ్రత్త. 200 నుంచి 300 మధ్య పేరుకున్న మడ్డిని రెండు డెసిబెళ్లు తగ్గిస్తే మాట తేటపడుతుంది. మెరుపు కోసం పై ధ్వనులు పెంచాలన్న కోరిక కలిగితే ఒక రోజు ఆగి మళ్లీ వినండి. అంతకంటే ఎక్కువ అవసరమనిపిస్తే మైకు చోటు తప్పని అర్థం, మళ్లీ పాడించడమే మంచిది.

రివర్బ్, అంటే తర్వాత కలిపే గది మోత, కూడదని ఒక వాదం ఉంది. దానితో నేను ఏకీభవించను. ప్రతిధ్వని ధారాళంగా ఉన్న క్యాసెట్ ఆల్బమ్ పచ్చిగా వినిపించిందని పైన చూశాం. ప్రమాదం రివర్బ్‌లో లేదు, రెండు మూడు రకాల రివర్బ్‌లు కలపడంలో ఉంది. గొంతు గుడి మంటపంలో, గిటారు పడకగదిలో ఉంటే ఒకే చోటన్న నమ్మకం విరిగిపోతుంది. కావాలంటే ఒకే రివర్బ్, అన్నిటికీ ఒకేలా. ఉందో లేదో తెలియనంత కలపాలి, తీసేసినప్పుడు మాత్రమే లోటు తెలియాలి.

ఇక శుభ్రం చేయడం. ఊపిరులు, వేలి జారుళ్లు, కుర్చీ చప్పుళ్లు కత్తిరించే అలవాటు స్టూడియోల్లో పాతుకుపోయింది. ఊపిరి తీసేసిన గొంతు వింటే మన ఛాతీ కూడా బిగుస్తుంది, ఎందుకో మనకే తెలియదు. వాక్యానికి ముందు ఊపిరి రాబోయే మాట బరువును చెబుతుంది. మరీ పెద్దదైతే కాస్త తగ్గించాలి, తుడిచేయకూడదు. దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా ఈ మధ్య ఎక్కువైంది. పాత రికార్డు చిటపటలు, టేపు బుస, ఫోను గొంతు లాంటి అలంకారాలను సాఫ్ట్‌వేర్‌తో అద్దడం. 1933లో అమెరికాలో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలన్ దాదాపు 140 కిలోల బరువున్న డిస్కు యంత్రాన్ని కారులో వేసుకుని జానపద పాటలు సేకరించడానికి తిరిగారు. ఆ రికార్డింగుల్లోని గరగర వారు కోరుకున్నది కాదు, అప్పటి యంత్రాల పరిమితి. ఉన్న పరికరంతో సాధ్యమైనంత స్పష్టంగా పట్టుకోవాలనే వారి తపన. అనుకరించాలంటే ఆ తపనను అనుకరించాలి.

మాస్టరింగ్‌లో గట్టిదనం కోసం పోటీ పడాల్సిన అవసరం ఇప్పుడు తగ్గింది. స్పాటిఫై వంటి సేవలు పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి, సాధారణంగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే గట్టిదనానికి కొలత) దగ్గరికి, తెచ్చి వినిపిస్తాయి. శిఖరాలను నొక్కేసే లిమిటర్‌తో నలిపి గట్టి చేసిన పాటను అవి తగ్గించేస్తాయి. అప్పుడు నలుగుడు మిగులుతుంది, గట్టిదనం మిగలదు. గుసగుసకూ కేకకూ మధ్య ఉన్న ఎత్తుపల్లాలను అలాగే ఉంచి, శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే సరిపోతుంది.

చివరగా చాలామంది మరచిపోయే ఒక చిన్న పని. రికార్డింగు ముగిసిన రోజు మైకులు విప్పకముందు, అందరూ తమ చోట్లలోనే కదలకుండా కూర్చుని, ఒక నిమిషంపాటు ఖాళీ గదిని రికార్డు చేయండి. ఏ గదికైనా తనదైన నిశ్శబ్దం ఉంటుంది, అది పూర్తి శూన్యం కాదు. పాటకూ పాటకూ మధ్య కంప్యూటర్ ఇచ్చే శుద్ధ శూన్యం పెడితే శ్రోతను ఎవరో గదిలోంచి బయటికి నెట్టినట్టు ఉంటుంది. ఆ ఖాళీల్లో ఈ ఒక్క నిమిషం నుంచి కత్తిరించిన ముక్కలు పరిస్తే, ఆఖరి మీటు ఇంకిపోయాక కూడా గది అక్కడే ఉంటుంది, తర్వాతి పాటకు ముందు ఊపిరి అదే గదిలో వినిపిస్తుంది.